మంచుకొండ దారిలో మోటారు బండి

మన పెద్దలు ఎడ్లబండిపై దూరప్రయాణము తలపెట్టినప్పుడు మొదట ఇరుసునకు కందెన పెట్టి, ఎద్దుల కాళ్లకు లాడములు కొట్టించి, పిమ్మటనే పెట్టెలు సర్దుకొనెడివారు. మోటారు బండ్లు వచ్చిన తరువాత ఆ జాగ్రత్త మనకు తప్పినదని యనుకొనుచున్నాము. ఏడాది పొడుగునను ఎండలో నడచు బండిని ఒకటి రెండు మారులు మాత్రము మంచుకొండపైకి తీసికొనిపోవువారికి అది తప్పలేదని మేము అనుభవముమీద తెలిసికొంటిమి. ఆ సంగతిని మీకు విన్నవించుటకే యీ వ్యాసము.

మేము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు తీరమున నివసించుచున్నాము. ఇచ్చట తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. ఈ తీరమున మంచు పడుట మిక్కిలి యరుదు. కాని తూర్పుగా నాలుగు గంటలు ప్రయాణము చేసినచో సియెర్రా నెవాడా పర్వతములు వచ్చును. ఆ పేరునకు స్పానిష్ భాషలో మంచు పర్వతశ్రేణి యని యర్థము. మన హిమాలయ మను మాటకు అది చుట్టమే. ఆ కొండల నడుమ సముద్రమట్టమునకు 6,200 అడుగులకు పైయెత్తున టాహో సరస్సు కలదు. పిల్లలకు శీతకాలపు సెలవు లియ్యగానే మనవారనేకులు ఆ సరస్సు చూచుటకును, మంచులో ఆడుకొనుటకును బయలుదేరుదురు.

దారియొక్క స్వభావము ముందు తెలియవలెను. శాక్రమెంటో నగరము దాదాపు సముద్రమట్టముననే యున్నది. అక్కడినుండి 80వ నెంబరు రహదారి సుమారు 90 మైళ్లలోనే డానర్ కనుమవద్ద 7,239 అడుగుల యెత్తున కెక్కును. పసిఫిక్ సముద్రముమీదినుండి వచ్చు తేమగాలి యీ కొండగోడకు తగిలి పైకెగసి, చల్లబడి, తాను మోసికొనివచ్చిన నీటిని మంచుగా కురిపించును. 2022–23 శీతకాలమున ఆ కనుమ దగ్గరి మంచు పరిశోధనశాలవారు 754 అంగుళముల మంచును కొలిచిరి. అనగా అరువది రెండడుగులకు పైమాట. క్రింద నారింజతోటలు, పైన నిలువెత్తు మంచు! ఉదయము ఎండలో బయలుదేరినవారు మధ్యాహ్నమునకే ఆ మంచులో నుందురు. కావుననే యీ దారి తెలియనివారిని మోసగించును.

రెండేండ్ల క్రిందట మేము మొదటిసారి ఈ దారిని పోయితిమి. మా బండి చిన్నది. ఇంజను బలము ముందు చక్రములకు మాత్రమే పోవును. టైర్లు అప్పటికే చాల నరిగినవి. వానకును ఎండకును పనికివచ్చినవి గదా, మంచుకు మాత్రమేల పనికిరావని ధీమాగా నుంటిమి. పులిహోర, పెరుగన్నము, దుప్పట్లు, పిల్లల బొమ్మలు అన్నియు సర్దుకొంటిమి. చక్రముల సంగతి యొక్కటియే మరచితిమి. కొండ నడుమ బండ్లను ఆపి, గొలుసులు లేనిదే ముందుకు పోరాదనిరి. దారిప్రక్క నొక దుకాణమున అడిగినంత యిచ్చి ఒక జత కొంటిమి. చీకటిలో, కురియుచున్న మంచులో, వట్టిచేతులతో గంటసేపు పెనగులాడినను అవి చక్రమునకు పట్టలేదు. తరువాత చూడగా అవి మా టైరు కొలతవే కావు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబోయినట్లయినది మా పని.

చేయునది లేక వెనుకకు మరలితిమి. ఒక దిగుడులో ముందు బండి యాగుట చూచి మావారు బ్రేకు త్రొక్కిరి. బండి యాగలేదు. చప్పుడు లేకుండ, ఏటవాలుగా, తన యిచ్చవచ్చినట్లు జారిపోవసాగెను. స్టీరింగు త్రిప్పినను మాట వినలేదు. తుదకు దారిప్రక్కనున్న మంచుగుట్టకు ఒరిగి నిలిచెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. వెనుక కూర్చుండిన మా చిన్నపిల్ల, “అమ్మా! ఇప్పుడు బండిని ఎవరు నడిపినారు?” అని యడిగెను. ఆ ప్రశ్నకు మా యిద్దరిలో ఎవరివద్దను సమాధానము లేదు. ఆ రాత్రి ఇల్లు చేరువరకును మేము మాటాడుకొనలేదు.

గడచిన శీతకాలమున మా అత్తగారు తెనాలినుండి వచ్చిరి. డెబ్బది యేండ్లు దాటినవారు. “మంచు పడుట ఒక్కసారి కన్నులార చూచి పోవలెనమ్మా!” అని వారి కోరిక. కాదనుటకు మనసు రాలేదు. సరేయనుటకు ధైర్యము చాలలేదు. నాలుగు చక్రములకును బలము పోవు పెద్ద బండి కొనిన యెడల భయముండదని మావారనిరి. ఏడాదికి రెండు మారులు చేయు ప్రయాణమునకై బండినే మార్చవలయునా యని సందేహించి, తెలిసినవారిని అడిగి, చదివి విచారించితిమి. తేలిన సంగతి యిది.

నాలుగు చక్రముల బలము బండిని కదలించుటకును, ఎగువ నెక్కించుటకును మిక్కిలి సహాయపడును. కాని ఆగవలసినప్పుడు ఆ బలముతో పనిలేదు. బ్రేకులు ఏ బండికైనను నాలుగు చక్రములకును ఉండనే యున్నవి. బండిని ఆపునదియు, మలుపులో నిలుపునదియు నేలను పట్టుకొనియున్న రబ్బరు. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు రమారమి మన అరచేయి యంత. ఇంటిల్లిపాది ప్రాణములును ఆ నాలుగు అరచేతులలో నున్నవన్నమాట. కావున మొదట చూడవలసినది టైర్లను. బండి సంగతి తరువాత.

ఇచ్చటి అంగళ్లలో మనవంటివారు తెలిసికొనవలసిన టైర్లు మూడు తెగలు. మొదటిది, బండితో సాధారణముగ వచ్చు ‘ఆల్ సీజన్’ టైరు. పేరు అన్ని ఋతువులదే యైనను, వేసవిలో కరగియుండు నేయి చలికి గడ్డకట్టునట్లు, సెంటిగ్రేడు 7 డిగ్రీలకు దిగువ దీని రబ్బరు క్రమముగా బిరుసెక్కి పట్టు తగ్గును. రెండవది కేవలము శీతకాలపు టైరు. దీని రబ్బరు చలిలోను మెత్తగానుండును. లోతైన గాడులును, వాటిమీద లెక్కలేనన్ని సన్నని చీలికలును మంచును కరచి పట్టుకొనును. ఫిన్లండు దేశమున 1934లో లారీలకును, 1936లో కార్లకును ఇట్టి టైర్లు చేయ మొదలిడిరి. నెలల తరబడి మంచులో బ్రతుకువారికి దీనిని మించినది లేదు. కాని వెచ్చని దారులలో ఇది త్వరగా నరిగిపోవును. ఏటేట రెండుమారులు మార్పించి, తీసినవాటిని ఎక్కడనో దాచవలెను. మూడవది ‘ఆల్ వెదర్’ టైరు. ఇది మొదటి రెండింటికిని నడుమది. సంవత్సరమంతయు బండికే యుంచవచ్చును. మంచులో మొదటిదానికంటె మేలు, రెండవదానికంటె కొంత తక్కువ.

వీనిని గుర్తించుట ఆడవారికి కష్టమేమియు కాదు. చీర అంచు చూచి నేత చెప్పగలవారము, టైరు అంచు చూచి గుణము చెప్పలేమా? టైరు ప్రక్కభాగమున ఎం, ఎస్ అను అక్షరములు మాత్రమున్నచో, అది గాడుల రూపమునుబట్టి వేసిన గుర్తు. బురద, మంచు అను ఆంగ్లపదముల తొలియక్షరములవి. మూడు శిఖరముల కొండయు, దానిలో ఒక మంచుపువ్వును ఉన్నచో, ఆ టైరు త్రొక్కిడి మంచుమీద పరీక్షకు నిలిచినదని యర్థము. అయినను ఆ పరీక్ష బండిని ముందుకు లాగు శక్తినిగూర్చినదే; గాజువంటి మంచుగడ్డపై ఆగుదునని టైరు ఇచ్చిన మాట కాదు.

మా బండికి టైర్లు ఎట్లును మార్చవలసిన వేళయే యగుటచే, కొండగుర్తు గల ఆల్ వెదర్ టైర్లు వేయించితిమి. ధనము మిగులునని ముందు చక్రములకు మాత్రమే వేయింప దలచితిమి గాని, అట్లు చేసినచో ముందుభాగము ఆగి వెనుకభాగము జారి బండి గిరగిర తిరుగునని తెలిసి నాలుగింటిని మార్పించితిమి. గాడుల లోతు అంగుళములో ముప్పదిరెండవ వంతులు ఆరింటికి, అనగా దాదాపు 5 మిల్లీమీటర్లకు తగ్గిన టైరును మంచుకు నమ్మరాదు. చలికి లోపలి గాలియు కుంచించుకొనిపోవును గనుక కొండ యెక్కు దినముననే గాలి చూపించుకొనవలెను.

టైర్లు ఎంత మంచివైనను గొలుసులు వెంట నుండవలసినదే. మోటారులు వచ్చిన తొలిదినములలో కొందరు బురదలో చక్రమునకు త్రాళ్లు చుట్టుకొనెడివారు. అది చూచి న్యూయార్కు రాష్ట్రమునందలి కనాస్టోటా నివాసి హారీ వీడ్ అనునాతడు ఇనుప గొలుసులను కల్పించి 1904లో పేటెంటు పొందెను. నేడు గొలుసులలో పలు రకములు కలవు. లావుపాటి ఉక్కు కడియములవి గట్టిగా పట్టును గాని, చక్రమునకును బండి లోపలి భాగములకును నడుమ చోటు చాలని కార్లకు పనికిరావు. అట్టివాటికి సన్నని ఉక్కుతీగలతో చేసినవి కలవు. మేజోడువలె చక్రమునకు తొడుగు బట్టవియు కలవు. తొడుగుట సులభమే గాని మంచు లేని దారిమీద త్వరగా చిరిగిపోవును. ఏ రకము తగునో బండితో వచ్చిన పుస్తకములో వ్రాసియుండును. దానిని చదివి, టైరు ప్రక్కనున్న అంకెలను అక్షరము తప్పకుండ వ్రాసికొని, ఊరిలోనే కొనవలెను. మేము ఉక్కుతీగలవి కొంటిమి.

కొనుటతో పని తీరలేదు. ఒక ఆదివారము ఎండలో ఇంటిముంగిట పాతచాప పరచి, గొలుసులు తొడుగుట అభ్యసించితిమి. ఇంజను బలము ముందు చక్రములకు పోవు బండికి ముందు చక్రములకే తొడుగవలెను. వెనుకకు పోవు బండికి వెనుక. నాలుగింటికిని పోవు బండికి పుస్తకము చెప్పినట్లు. మొదటిమారు నలువది నిమిషములు పట్టెను, మూడవమారు పండ్రెండు. మేమును మావారితో సమానముగ నేర్చుకొంటిమి; ఏలయన ఆపద వచ్చినప్పుడు ఎవరి చేయి ఖాళీగా నుండునో చెప్పలేము. కుర్చీలో కూర్చుండి చూచుచున్న మా అత్తగారు, “బండికి లాడములు కొట్టుచున్నారటే!” అని నవ్విరి. అంతకంటె చక్కని మాట మాకు తోచలేదు.

బయలుదేరునాడు పార, చిన్న సంచి ఇసుక, చేతిదీపము, రబ్బరు చేతితొడుగులు, ప్రతివారికి దుప్పటి, నీళ్లు, రెండు పూటల తిండి, అత్తగారి మందులు బండిలో నుంచితిమి. పిల్లలకు ఉబ్బుకోట్లు తొడిగి సీటుపట్టీలు కట్టరాదు. కోటు అణగిపోయి పట్టీ వదులగును. పట్టీ కట్టి, పైన దుప్పటి కప్పవలెను.

ఆబర్న్, కోల్‌ఫాక్స్ ఊళ్లు దాటువరకు వాన. తరువాత వానచినుకులు తెల్లబడెను. మరికొంత దూరమున కాల్‌ట్రాన్స్ అను రాష్ట్ర రహదారులవారి పలక కనబడెను. వీరి నియమములు మూడు మెట్లు. ‘ఆర్ 1’ అనగా మంచు టైర్లున్న బండ్లును, నాలుగు చక్రములకును బలము పోవు బండ్లును గొలుసులు తొడుగకుండ పోవచ్చును. తక్కినవాటికి గొలుసులు కావలెను. ‘ఆర్ 2’ అనగా నాలుగు చక్రములకును బలము పోవుచు, నాలుగింటికిని మంచు టైర్లుండిన బండ్లకు తప్ప అన్నిటికిని గొలుసులు కావలెను. వాటివద్దను గొలుసులుండి తీరవలెను. ‘ఆర్ 3’ అనగా ఎవరికిని మినహాయింపు లేదు. అంతవరకు రాకమునుపే తరచుగా దారినే మూసివేయుదురు. ఆనాడు పలకపై ‘ఆర్ 2’ అని యుండెను.

దారిప్రక్క విడిచిన చోట బండి నిలిపితిమి. అచ్చట కూలి తీసికొని గొలుసులు తొడుగువారు కలరు. వారికి నెంబరుబిళ్లతో అనుమతి యుండును. వారు గొలుసులు అమ్మరాదు, అద్దెకీయరాదు. మేము మాత్రము మా చేతులతోనే తొడిగితిమి. ఇరువది నిమిషములైనది, వ్రేళ్లు కొంకర్లు పోయినవి, కాని రెండేండ్ల క్రిందటి భయము లేదు. కొంతదూరము పోయి ఆగి, వదులైన గొలుసులను మరల బిగించితిమి. ఇది మరచినచో గొలుసు ఊడి బండికే దెబ్బ తగులును. గొలుసులతో గంటకు 25 లేక 30 మైళ్లకు మించి పోరాదు. దూరము విడిచి, ఊరక బ్రేకు త్రొక్కక, మలుపునకు ముందే వేగము తగ్గించి మావారు నడిపిరి. చక్రములు గలగలలాడుచుండగా మా అత్తగారు, “సంక్రాంతికి గంగిరెద్దు వచ్చినట్లున్నది” అనిరి.

కనుమ దాటిన తరువాత క్రింద డానర్ సరస్సు కనబడెను. 1846లో పడమటికి వలసవచ్చుచున్న డానర్ బృందమువారు, ఎనుబదిమందికి పైగా, ఈ చోటులనే మంచులో చిక్కుకొని, సగమునకు కొంచెము మించినవారు మాత్రమే బ్రతికి బయటపడిరి. వారిలో పసిపిల్లలనేకులు. 1952 జనవరిలో ఈ కొండలలోనే రెండువందల మందికి పైగా జనముతో నొక రైలు మూడు దినములు మంచులో నిలిచిపోయెను. మంచులో చిక్కుకొనినవారి కథలివి. మా అత్తగారు కిటికీ దించి, అరచేతిలో పడిన మంచుపువ్వు కరగిపోవువరకు చూచి, “ఇంత మెత్తనిదా ఇంతపని చేసినది!” అనిరి. ట్రక్కీ చేరగా దారి నల్లగా తేలియున్నది. వెంటనే గొలుసులు తీసివేసితిమి. వట్టిదారిపై నడిపినచో గొలుసును టైరును రెండును చెడును.

మరునాటి యుదయము బస ముంగిట బండి మంచులో దిగబడెను. మావారు ఇంజను వేగము హెచ్చించిరి. చక్రములు గిరగిర తిరుగుచు మరింత లోతునకు పోవుచుండెను. మా అత్తగారు వాకిటనుండి కేకవేసి, “ఆపు నాయనా! తిప్పినకొద్దీ దిగబడును. మన రేగడిచేలలో బండి దిగబడినప్పుడు మీ నాన్నగారు ఎద్దులను కొట్టినారా? గడ్డియు తాటిమట్టలును చక్రము క్రింద వేసి, మెల్లగా లాగించిరి” అనిరి. మేము చక్రముల చుట్టు మంచును పారతో తీసి, ఇసుక చల్లి, వెనుక నెవరును నిలువకుండ చూచి, మెల్లగా కదలించితిమి. బండి బయటికి వచ్చెను. ఇట్లు మంచు పేరుకొన్నప్పుడు ఇంజను నడుపుటకు ముందు వెనుకనున్న పొగగొట్టమునకు అడ్డుపడిన మంచును తప్పక తీయవలెను. లేనిచో వాసనయైనను లేని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు లోపలికి వచ్చి, నిద్రలోనే ప్రాణము తీయును.

తిరిగివచ్చు దినమున అసలు పరీక్ష వచ్చినది. మధ్యాహ్నమునుండి పెనుగాలితో మంచు కురియునని వాతావరణశాఖవారు చెప్పిరి. మరునాడు మావారికి కచేరీ; పిల్లలకు బడి. “మంచి టైర్లున్నవి, గొలుసులున్నవి, తొడుగుట వచ్చును, పోవుదము” అని మావారనిరి. ఆ మాటలో తప్పులేదు. కాని మాకు చిన్నదాని ప్రశ్న జ్ఞాపకము వచ్చినది. ఈ సాధనములన్నియు మంచు మనల నాకస్మికముగ పట్టుకొనినప్పుడు బయటపడుటకే గాని, తెలిసి తెలిసి దానికెదురు పోవుటకు కాదని చెప్పితిమి. మావారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట కచేరికి వర్తమానము పంపి, బసకు మరియొక రాత్రి కూలి కట్టిరి. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని అత్తగారు సంతోషించిరి. ఆ రాత్రి కనుమదారి మూసివేసిరి. మరునాటి సాయంకాలము తెరచిన తరువాత, దున్నిన దారిపై నిదానముగ దిగి, చీకటి పడిన కొంతసేపటికి ఇల్లు చేరితిమి.

సోదరీమణులారా! ఏడాదికొక మారు మంచు చూడబోవువారికి పెద్దబండి అవసరము లేదు. గుర్తు చూచి కొనిన నాలుగు టైర్లు, కొలతకు సరిపోవు ఒక జత గొలుసులు, వాటిని తొడుగ నేర్చిన రెండు జతల చేతులు చాలును. వీటన్నిటికంటె ముఖ్యమైనది, ఈ దినము పోవలదని చెప్పగల ధైర్యము. అది అంగడిలో దొరకదు. ఇంటి ఇల్లాలివద్ద నుండవలెను. మా అత్తగారు తెనాలికి తిరిగి పోయిరి. మా చిన్నపిల్ల మాత్రము బండి యెక్కినప్పుడెల్ల, “అమ్మా! లాడములు పెట్టినారా?” అని యడుగుచున్నది. పెట్టినామని చెప్పగలుగుచున్నాము.